పక్క చెరువు నుంచి ఫోన్ గ్రూపు దాకా: గోదావరి డెల్టాలో పనిచోటి చదువు

గోదావరి డెల్టాలో పని నేర్చుకోవడమంటే చాలావరకు పక్కవాళ్లను చూసి నేర్చుకోవడమే. ఊడ్పులకు నారు పెంచడం, మొక్కకు అంటు కట్టడం, లేసు అల్లడం, చెరువులో మేత చల్లడం, వీటిలో ఏదీ తరగతి గదిలో పుట్టిన విద్య కాదు. గత పాతికేళ్లలో ఈ పాత అలవాటుకు కొత్త ఏర్పాట్లు తోడయ్యాయి. రొయ్యల రైతుల క్లబ్బులు వచ్చాయి, పొలంబడులు వచ్చాయి, పొదుపు సంఘాల మహిళలు నడిపే కంప్యూటర్ కేంద్రాలు వచ్చాయి. 2016 సెప్టెంబరులో జియో రాకతో డేటా ధర పడిపోయాక వాట్సాప్ గ్రూపులు ప్రతి గట్టు మీదికీ చేరాయి.

వీటిలో ఏవి వేళ్లూనుకున్నాయి, ఏవి పలచబడ్డాయి అని చూస్తే ఒక సంగతి తేటగా కనిపిస్తుంది. ఒకరి పొరపాటుకు పక్కవాడు కూడా నష్టపోయే చోట జనం కలిసి నేర్చుకున్నారు. ఎవరి నష్టం వాళ్లదే అయిన చోట, లేదా సమాచారం అంతా ఒక మధ్యవర్తి చేతిలో ఉన్న చోట, ఎంత మంచి సాధనం ఇచ్చినా అది ఎక్కువ కాలం నిలవలేదు.

ఒకే కాలువ కింద

ధవళేశ్వరం ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో ముగిసింది. దాని కింద తవ్విన పంట కాలువలు, మురుగు కాలువలు డెల్టా రైతుల్ని ఒకరికొకరిని ముడివేశాయి. ఎగువ రైతు తూము ఎప్పుడు మూశాడో, కాలువ ఎప్పుడు కట్టేస్తారో, మురుగు ఎక్కడ ఆగిందో శివారు ఆయకట్టు రైతుకు తెలిసి తీరాలి. తెలియకపోతే నారుమడి ఎండుతుంది, లేదా పనలు నీళ్లలో తేలతాయి. 2022 ఏప్రిల్‌లో జిల్లాలను విడగొట్టినప్పుడు ఈ ప్రాంతం తూర్పు గోదావరి, పశ్చిమ గోదావరి, కోనసీమ, కాకినాడ, ఏలూరు జిల్లాల మధ్య చీలింది. కాలువలు మాత్రం ఆ గీతల్ని పట్టించుకోవు.

ఈ అల్లికలో సమాచారం ఎంత దూరం పోగలదో చెప్పడానికి మార్టేరు వరి పరిశోధన కేంద్రం మంచి సాక్ష్యం. 1925లో మొదలైన ఈ కేంద్రం 1980ల తొలినాళ్లలో విడుదల చేసిన ఎంటీయూ 7029, అంటే స్వర్ణ, దేశంలో అత్యధికంగా సాగైన వరి రకాల్లో ఒకటి. ఒడిశా, పశ్చిమ బెంగాల్, బీహార్ పల్లెల దాకా పాకింది, సరిహద్దు దాటి బంగ్లాదేశ్‌లోకీ వెళ్లింది. ప్రభుత్వ విత్తన సంస్థలు మాత్రమే దాన్ని అంత దూరం మోయలేదు. పంట బాగుందని చూసిన రైతు ఒక బస్తా అడిగి తీసుకెళ్లి తన చేలో చల్లుకోవడం, మరుసటి ఏడు అతని దగ్గర ఇంకొకరు తీసుకోవడం, ఇలా చేతులు మారుతూ పోయింది. 1969లో మొదలైన ‘అన్నదాత’ మాసపత్రిక ఈ మాటల మార్పిడికి అచ్చులో చోటిచ్చింది. ఒక ఊరి రైతు అనుభవం ఇంకో జిల్లా రైతు చేతికి అక్షరాల్లో అందడం ఆ రోజుల్లో పెద్ద మార్పే.

మొగల్తూరు పాఠం

సామూహిక అభ్యసనం గురించి ఈ ప్రాంతం ప్రపంచానికి ఇచ్చిన గట్టి ఉదాహరణ రొయ్యల చెరువుల్లో ఉంది.

1990ల మొదట్లో టైగర్ రొయ్య తీర మండలాల రూపురేఖల్ని మార్చేసింది. ఉప్పుటేళ్ల వెంబడి పొలాలు చెరువులయ్యాయి. 1994 ప్రాంతంలో తెల్లమచ్చ వైరస్ ఆంధ్ర తీరానికి వచ్చింది. రొయ్య మేత మానేస్తుంది, గట్టు అంచుకు చేరుతుంది, పెంకు మీద తెల్లటి చుక్కలు కనిపిస్తాయి, వారం పది రోజుల్లో చెరువు ఖాళీ. దానికి మందు లేదు, ఇప్పటికీ లేదు. జబ్బు పడిన చెరువు నీటిని మురుగు కాలువలోకి వదిలితే, అదే కాలువ నుంచి నీళ్లు తోడుకునే పక్క రైతు చెరువులోకి వైరస్ నేరుగా వెళ్తుంది. తన నష్టాన్ని దాచిపెట్టిన ప్రతి రైతూ తెలియకుండానే ఆ కాలువ మీద బతికే అందరికీ నష్టం పంచినట్టే.

సముద్ర ఉత్పత్తుల ఎగుమతి అభివృద్ధి సంస్థ ఎంపెడా, ఆసియా పసిఫిక్ దేశాల ఆక్వా సంస్థల వేదిక నాకా కలిసి 2000లో ఈ సమస్య మీద పని మొదలుపెట్టాయి. మొదట చెరువు చెరువుకీ తిరిగి జబ్బుకు దారితీసే కారణాలేమిటో లెక్క తీశారు. 2002లో పశ్చిమ గోదావరి జిల్లా మొగల్తూరులో గ్రామస్థాయి ప్రయోగం చేపట్టారు. ఐదుగురు రైతులతో మొదలైన ఆ పని 2006 నాటికి ఐదు రాష్ట్రాల్లో 730 మంది రైతుల దాకా, 28 ఆక్వా క్లబ్బుల దాకా పెరిగింది.

ఆ క్లబ్బులు చేసినదాంట్లో కొత్త యంత్రమేమీ లేదు. ఒకే కాలువ మీద ఉన్న రైతులు వారానికోసారి కూర్చునేవారు. చెరువు ఎండగట్టి అడుగు నల్లమట్టి తీయడం, నీళ్లు పెట్టడం, పిల్ల వదలడం, అన్నీ ఒకే రోజుల్లో చేయాలని ఒప్పుకునేవారు. పిల్లను ఎవరికి వారు కాక కలిసి కొనేవారు. హేచరీతో ముందే మాట్లాడుకుని, పీసీఆర్ పరీక్షలో వైరస్ లేదని తేలిన పిల్లనే దింపుకునేవారు. నిషేధించిన యాంటీబయోటిక్స్ జోలికి పోకూడదు. చెరువుకో పుస్తకం పెట్టి మేత, నీటి పరీక్షలు, వేసిన మందులు రాయాలి. అన్నిటికన్నా కష్టమైన నియమం ఇంకొకటి ఉంది: జబ్బు కనిపిస్తే వెంటనే అందరికీ చెప్పాలి, నీళ్లు బయటికి వదలకూడదు.

ఈ చివరి నియమం ఎంత బరువైనదో రొయ్యల ఊళ్లలో తిరిగినవాళ్లకు తెలుసు. ‘వైరస్ పడింది’ అన్న మాట బయటికి పొక్కితే కొనుగోలుదారు రేటు తగ్గిస్తాడు, మేత అప్పు ఇచ్చినవాడు గట్టు మీద కూర్చుంటాడు. అయినా రైతులు చెప్పారంటే, చెప్పకపోతే వచ్చే ఏడు తమకూ అదే గతి పడుతుందని వారానికోసారి ఎదురెదురుగా కూర్చున్నాక అర్థమవడం వల్లే. 2007లో ఎంపెడా ఈ పనికి శాశ్వత రూపమిస్తూ నాక్సా అనే సంస్థను పెట్టి, దాని ప్రధాన కార్యాలయాన్ని కాకినాడలో ఉంచింది.

2009 తర్వాత వెనామీ రకం రావడంతో లెక్కలు మారాయి. ఎకరానికి వదిలే పిల్ల సంఖ్య పెరిగింది, ఏరియేటర్లు, కరెంటు బిల్లు, మేత ఖర్చు పెరిగాయి, లీజు చెరువులు పెరిగాయి. పెట్టుబడి అప్పుగా ఇచ్చే మేత వ్యాపారి దగ్గరే సలహా కూడా దొరకసాగింది. తక్కువ భూమి ఉన్న రైతుకు ఇది పెద్ద ఆధారమే. కానీ అమ్మేవాడే వైద్యుడైన చోట చీటీలో మందులు ఎక్కువే ఉంటాయి. మొగల్తూరు క్లబ్బుల బలం సలహా ఇచ్చేవాడికి అమ్ముకోవాల్సిన సరుకు లేకపోవడంలో ఉంది. తర్వాత వచ్చిన ఏ ఏర్పాటును తూచాలన్నా ఇదే సరైన కొలత.

ఫోటోకాపీ మెషీన్ల కథ

పనిచోటి చదువు మీద ప్రపంచంలో జరిగిన పరిశోధనలో ఈ డెల్టా అనుభవానికి దగ్గర చుట్టాలు దొరుకుతాయి. జీన్ లేవ్, ఎటియెన్ వెంగర్ 1991లో అచ్చువేసిన పుస్తకంలో దర్జీలు, మంత్రసానులు పని ఎలా నేర్చారో చూపించి, కొత్తవాడు అంచున నిలబడి చిన్న పనులతో మొదలుపెట్టి మెల్లగా నడిమికి రావడమే అసలు చదువని వాదించారు. జూలియన్ ఓర్ అనే మానవశాస్త్రవేత్త జిరాక్స్ కంపెనీ మెకానిక్కుల వెంట తిరిగి, కంపెనీ ఇచ్చిన మాన్యువల్ కన్నా టిఫిన్ దగ్గర వాళ్లు చెప్పుకునే కథలే మెషీన్లు బాగుచేస్తున్నాయని 1996 నాటి పుస్తకంలో రాశాడు. ఆ తరహా చిట్కాలను మెకానిక్కులే రాసి, తోటివాళ్లే సరిచూసే ‘యురేకా’ అనే వ్యవస్థను జిరాక్స్ తర్వాత నడిపింది.

ఉప్పాడ జాందానీ మగ్గం మీద లేవ్, వెంగర్ చెప్పినది కంటితో చూడొచ్చు. ఒకే మగ్గం మీద ఇద్దరు పక్కపక్కన కూర్చుని బుటా తీస్తారు. చేయి తిరిగినవారి పక్కన కొత్తవారు కూర్చుంటే, రెండోవారి తప్పు అదే వరసలో, అదే నిమిషంలో మొదటివారి కంట పడుతుంది.

చార్టు మీద పురుగులు

వరి పొలాల్లో ఇదే పద్ధతి పొలంబడి పేరుతో నడిచింది. మూలం ఇండోనేషియాలో ఉంది. సుడిదోమ మీద పురుగుమందులు చల్లి చల్లి, మిత్ర పురుగుల్ని కూడా చంపుకుని నష్టపోయాక అక్కడ 1989లో తొలి రైతు బడులు పెట్టారు. సుడిదోమ దెబ్బ గోదావరి రైతులకూ కొత్త కాదు. మన దగ్గర వ్యవసాయ శాఖ ఆ పద్ధతిని తెచ్చినప్పుడు పాతిక ముప్పై మంది రైతులు వారం వారం ఒకే పొలంలో కలిసేవారు. చిన్న జట్లుగా విడిపోయి, దుబ్బు దుబ్బు వంచి చూసి, సాలీళ్లెన్ని, అక్షింతల పురుగులెన్ని, దోమలెన్ని అని లెక్కపెట్టి, చెట్టు నీడలో చార్టు మీద బొమ్మ వేసేవారు. ఒక పక్క మిత్ర పురుగులు, ఇంకో పక్క శత్రు పురుగులు. ఈ వారం మందు కొట్టాలా వద్దా అన్నది ఆ చార్టు చూసి రైతులే తేల్చుకోవాలి. అధికారి పని ప్రశ్న వేయడం వరకే.

2016లో మొదలైన రాష్ట్ర ప్రకృతి వ్యవసాయ కార్యక్రమం ఇంకో అడుగు వేసింది. రైతు సాధికార సంస్థ ఆధ్వర్యంలో, అప్పటికే సాగు చేసి ఫలితం చూసిన రైతులనే ఊళ్లకు శిక్షకులుగా పంపి, మహిళా పొదుపు సంఘాల సమావేశాలను దానికి వేదిక చేసింది. 2024లో పోర్చుగల్‌లోని గుల్బెంకియన్ సంస్థ ఇచ్చే మానవతా పురస్కారం ఈ కార్యక్రమానికి మరో ఇద్దరితో కలిపి దక్కింది.

మండలాల్లో తొలి కంప్యూటర్లు

స్మార్ట్ ఫోన్ రావడానికి చాలా ముందే పశ్చిమ గోదావరిలో ఒక సాహసం జరిగింది. 2002లో జిల్లా యంత్రాంగం మండల కేంద్రాల్లో ఈ-సేవ కేంద్రాలు తెరిచి, వాటి నిర్వహణను పొదుపు సంఘాల మహిళలకు అప్పగించింది. కరెంటు బిల్లులు, ధ్రువపత్రాలు, అధికారులకు ఫిర్యాదులు, అన్నీ ఆ గదుల నుంచే. పొదుపు లెక్కలు రాసుకునే పుస్తకం నుంచి నేరుగా కీబోర్డు ముందుకు వచ్చిన ఆ మహిళలు ఒకరికొకరు నేర్పుకుంటూ పని పట్టుకున్నారు. సర్కారీ కాగితం కోసం అధికారి గుమ్మం దగ్గర నిలబడే మనిషి, తన ఊరి ఆడకూతురు ముందు కూర్చుని పని చేయించుకోవడం ఆ జిల్లా సామాజిక చరిత్రలో చిన్న విషయం కాదు. దాని గురించి రావాల్సినంత రాత రాలేదు.

ఆ దారి తర్వాత పెద్ద రహదారి అయింది. 2004 జనవరిలో కిసాన్ కాల్ సెంటర్లు, 2020 మే 30న రైతు భరోసా కేంద్రాలు వచ్చాయి. ఈ కేంద్రాలనే ఇప్పుడు రైతు సేవా కేంద్రాలంటున్నారు. 2025 జనవరి 30న 161 సేవలతో ‘మన మిత్ర’ పేరిట ప్రభుత్వం వాట్సాప్‌లోకే వచ్చింది. పౌరుడి సమయం ఆదా చేయడంలో వీటి మేలు నిజమైనది. అయితే వీటిలో మాట ఎక్కువగా ఒక వైపే నడుస్తుంది. ప్రభుత్వం చెబుతుంది, రైతు వింటాడు. రైతు రైతుకు చెప్పే చోటు వేరే ఉంది.

చెక్ ట్రే ఫోటో

ఆ చోటు వాట్సాప్ గ్రూపు. భీమవరం, ఆకివీడు, కాళ్ల, నర్సాపురం వైపు చెరువుల మీద పనిచేసే ఏ కుర్రాడి ఫోన్ చూసినా అలాంటి గ్రూపులు నాలుగైదు ఉంటాయి.

తెల్లవారుజామున నీటిలో ఆక్సిజన్ పడిపోయే వేళకే గ్రూపు మేలుకుంటుంది. మేత వేసిన కాసేపటికి చెక్ ట్రే పైకి లాగుతారు. ట్రేలో మేత మిగిలిందా, రొయ్య పేగు నిండుగా ఉందా, తెల్లబడిందా అని చూస్తారు. అనుమానం వస్తే ట్రేని ఎండకు తిప్పి ఫోటో తీసి, కింద ఒక వాయిస్ మెసేజ్ పెడతారు: ‘అన్నయ్యా, నాలుగో నంబరు చెరువండి, నలభై ఐదో రోజు, రెండు రోజుల నుంచి మేత మిగులుతోందండి.’ జవాబు ముందు ప్రశ్నల రూపంలోనే వస్తుంది. నీటి రంగు ఎలా ఉంది? పీహెచ్ పొద్దున ఎంత, సాయంత్రం ఎంత? రాత్రి వాన పడిందా? సున్నం ఎప్పుడు వేశావు? నీటి మీద తెల్లటి తీగలేమైనా తేలుతున్నాయా? ఆఖరి ప్రశ్నకు అవునంటే గ్రూపులో అందరూ చెవులు రిక్కిస్తారు. తెల్లమలం వెనక ఈహెచ్‌పీ అనే సూక్ష్మజీవి ఉండొచ్చు. అది రొయ్యను చంపకుండా ఎదుగుదలను ఆపేస్తుంది, మేత ఖర్చును మింగేస్తుంది. దానికీ మందు లేదు. ల్యాబ్‌కు తీసుకెళ్లి పరీక్ష చేయించమనడమే తెలిసినవాడు చెప్పగలిగిన నిజాయితీ గల సలహా.

వాయిస్ మెసేజ్ వల్ల జరిగిన మేలు ఒకటి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. పత్రిక చదవలేని కాపలా మనిషి, తెలుగు టైపింగ్ రాని పెద్దాయన, ఇద్దరూ ఈ బడిలో సమానంగా మాట్లాడగలుగుతున్నారు. చెరువు గట్టున పాకలో రాత్రింబవళ్లు ఉండే మనిషికి తెలిసినంత యజమానికి తెలియదు. ఆ తెలివి పదిమందికి చేరే దారి ఇంతకుముందు లేదు.

చిక్కులూ అంతే ఉన్నాయి. గ్రూపులో సలహా ఇచ్చేవారిలో మందులు అమ్మేవారెవరో, అనుభవంతో చెప్పేవారెవరో విడదీయడం కష్టం. ఒక ఉప్పదనంలో పనిచేసిన మోతాదు ఇంకో చెరువులో రొయ్యను చంపొచ్చు. వదంతుల సంగతి సరేసరి. 2018లో దేశంలో పుకార్లు ప్రాణాలు తీశాక ఒక సందేశాన్ని ఐదు చోట్లకు మించి పంపకుండా వాట్సాప్ కట్టడి పెట్టింది. 2025 ఆగస్టులో అమెరికా రొయ్యలతో సహా చాలా భారత సరుకుల మీద సుంకాన్ని 50 శాతానికి పెంచినప్పుడు, కౌంట్ల వారీ (కిలోకు ఎన్ని రొయ్యలన్న లెక్క) రేట్ల సందేశాలు చెరువుల మీద తిరిగాయి. రేటు ఇంకా పడుతుందన్న భయం పట్టుకుంటే రైతు ఎదగని రొయ్యను కూడా పట్టించేస్తాడు. అలాంటి వేళ గ్రూపులో ఒక్క నిదానమైన గొంతు ఉండటం ఎంత విలువైనదో లెక్కకట్టలేం.

వేలిలో విద్య, చేతికందని ధర

అదే నర్సాపురం చుట్టుపక్కల ఇంకో పని ఉంది. దాని కథ వేరు. పంతొమ్మిదో శతాబ్దంలో మిషనరీ కుటుంబాలు నేర్పిన లేసు అల్లిక తల్లి నుంచి కూతురికి, అరుగు నుంచి అరుగుకు పాకి లక్షలాది చేతులకు చేరింది. జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ 1970ల చివర్లో ఇక్కడికి వచ్చి పరిశోధించి, 1982లో ‘ద లేస్ మేకర్స్ ఆఫ్ నర్సాపూర్’ వెలువరించారు. ప్రపంచ మార్కెట్ కోసం రోజుకు ఆరేడు గంటలు పనిచేసే ఆ మహిళలను ఇంట్లో తీరిక వేళ కాలక్షేపం చేసే గృహిణులుగా లెక్కగట్టడం వల్లే కూలి అంత తక్కువగా ఉందని ఆమె చూపించారు.

ఆమె గమనించిన ఇంకో విషయం ఈ వ్యాసానికి ముఖ్యం. చేతిపని చేసేవారు ఒకరు, ముక్కలను కలిపే అతుకుపని చేసేవారు ఇంకొకరు. దారం ఇచ్చేది, సరుకు తీసుకెళ్లేది ఏజెంటు. ఒక పువ్వు అల్లిన మహిళకు ఆ పువ్వు ఏ బల్ల గుడ్డలో చేరిందో, విదేశంలో ఎంతకు అమ్ముడైందో తెలిసే వీలు లేదు. నైపుణ్యం ఒకరి నుంచి ఒకరికి అద్భుతంగా పాకింది, ధర గురించిన సమాచారం అసలు పాకలేదు. 2024లో నర్సాపురం లేసుకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఇప్పుడు డిజైన్ ఫోటోలు ఫోన్‌లో నేరుగా కొనుగోలుదారుకు పంపే వీలుంది. కానీ చాలామంది అల్లికదారులకు పని ఇప్పటికీ ఏజెంటు ద్వారానే వస్తుంది. గుర్తింపు పత్రం సరుకు పేరును కాపాడుతుంది. అల్లిన మనిషికి రేటు తెలియాలంటే ఆ మహిళలు తమలో తాము మాట్లాడుకునే సంఘం కావాలి.

పక్క సీటు లేని ఉద్యోగం

2020 మార్చి తర్వాత డెల్టా ఊళ్లు ఇంకో రకం పనిచోటును చూశాయి. హైదరాబాద్, బెంగళూరు నుంచి ఐటీ పిల్లలు లాప్‌టాప్‌లతో ఇళ్లకు చేరారు. కాకినాడ జేఎన్‌టీయూలో, భీమవరం ఎస్‌ఆర్‌కేఆర్‌లో చదివి వెళ్లినవారు కొబ్బరి తోట పక్కన మేడ గదిలో కూర్చుని విదేశీ క్లయింట్లతో మాట్లాడారు. ఇంటి భోజనం, తల్లిదండ్రుల తోడు దొరికాయి, అద్దె మిగిలింది. పోయినది ఏమిటో మైక్రోసాఫ్ట్ పరిశోధకులు 61,182 మంది తమ అమెరికా ఉద్యోగుల సంభాషణల తీరును విశ్లేషించి 2021లో తేల్చారు. దూరపు పనిలో జట్టు లోపలి మాటలు బిగుసుకున్నాయి, జట్ల మధ్య వంతెనలు సన్నబడ్డాయి, కొత్త పరిచయాలు తగ్గాయి. సీనియర్‌కు పెద్దగా తేడా తెలియదు. అప్పుడే చేరిన ఇరవై రెండేళ్ల అమ్మాయికి పక్క సీటు వైపు తిరిగి ‘అక్కా, ఈ ఎర్రర్ ఎందుకొస్తోంది?’ అని అడిగే వీలు పోయింది. అదే ప్రశ్న టీమ్స్‌లో అందరి ముందూ టైప్ చేయాలంటే చేయి ఆడదు. దాంతో కాలేజీ నాటి స్నేహితుల గ్రూపులే చాలామందికి రెండో ఆఫీసు అయ్యాయి.

నిలవ లేని నిధి

ఇంత మాట్లాడుకున్నా, డెల్టా గ్రూపుల్లో పోగైన జ్ఞానానికి భద్రమైన చోటు లేదు. మొగల్తూరు క్లబ్బుల్లో చెరువుకో పుస్తకం ఉండేది. ఏ ఏడు ఏ తేదీన పిల్ల వదిలారో, ఏ రోజు జబ్బు కనిపించిందో తిరగేసి చూడొచ్చు. వాట్సాప్‌లో పదేళ్లుగా చేరిన చెక్ ట్రే ఫోటోలు, ల్యాబ్ రిపోర్టులు, వేల ప్రశ్నలు, వాటికి వచ్చిన జవాబులు ఫోన్ మారితే పోతాయి, మెమరీ నిండితే చెరిగిపోతాయి. అదే ప్రశ్న మళ్లీ వచ్చే ఏడు మొదటి నుంచి మొదలవుతుంది.

2022 నవంబరులో నర్సాపురం దగ్గర రాష్ట్ర మత్స్య విశ్వవిద్యాలయానికి శంకుస్థాపన జరిగింది. అలాంటి సంస్థ చేపట్టాల్సిన మొదటి పనుల్లో ఇదొకటి: రైతుల అనుమతితో, పేర్లు తీసేసి, ఈ ఫోటోలను, గొంతులను, ఏ మండలం, ఏ కాలువ, ఎన్నో రోజు అన్న వివరాలతో సహా తెలుగులోనే సేకరించి పెట్టడం. ఏ కాలువ మీద జబ్బు ఏ నెలలో మొదలై ఎటు పాకుతోందో అప్పుడు పటం మీద కనిపిస్తుంది. ఆ పటం మందుల షాపు గోడ మీద కాక రైతు సేవా కేంద్రంలో, పంచాయతీ ఆఫీసులో వేలాడాలి. కౌలు చెరువు వాడికి, గట్టు మీది కాపలా మనిషికి కూడా అది అందుబాటులో ఉండాలి.